ఎర్రసిరా దిద్దిన మాట

నేను ఒక హెచ్చరికను. అది నా ఉద్యోగం. పుట్టుకతో మాత్రం నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల ఇనుపరేకును. విజయనగరంలో ఒక ఇనుప సామాన్ల దుకాణం వెనుక, గోడకు ఆనుకొని నిలబడి ఉన్న రోజుల్లో నాకు ఏ అభిప్రాయమూ ఉండేది కాదు. నా పక్కనున్న రేకుల్లో ఒకటి పశువుల పాకకు కప్పుగా పోయింది. మరొకటి ఎన్నికల్లో ఒక అభ్యర్థి ముఖం మోయడానికి పోయింది. నన్ను కొన్నవాళ్ళు కొండరేవు అనే ఊరి సముద్రతీరంలో నిలబెట్టడానికి కొన్నారు. మనుషుల ప్రాణాలు కాపాడటానికట. నా ముఖం మీద రాసిన వాక్యాన్ని నమ్మినవాళ్ళలో కొందరు చనిపోయారు. నమ్మనివాళ్ళు చాలావరకు తడిబట్టలతో ఇంటికి వెళ్ళిపోయారు. అది ఎలా జరిగిందో చెప్పడమే నా పని. ఎందుకు జరిగిందో మీరు తేల్చుకోండి.

కొండరేవు అందమైన చోటు. ఇందులో అతిశయోక్తి లేదు. సరుగుడు తోటలు దాటగానే నెలవంకలా వంగిన ఇసుకతీరం కనిపిస్తుంది. దాని ఉత్తరపు కొసన నల్లని బండ, ఆ బండ మీద తెల్లని దీపస్తంభం. ఓడలు తెరచాపలతో నడిచిన కాలంలో దాన్ని కట్టారు. ఊరివాళ్ళు దాన్ని లైటోసు అంటారు. ఆ స్తంభం రాత్రంతా ఒకే సంగతి చెబుతుంది: ఇక్కడ రాయి ఉంది, దూరంగా పొండి. దానికి మాటలు లేవు. అందుచేత ఇన్నేళ్ళలో దాన్ని దిద్దడానికి ఎవరికీ అవకాశం దొరకలేదు.

దాని కింది నీటి సంగతి కూడా కొంత చెప్పాలి. తీరానికి కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుకమేట ఉంది. కెరటాలు ఆ మేట మీద విరిగి, తెల్లగా నురుగు కక్కుతూ ఒడ్డుకు వస్తాయి. వచ్చిన నీరు తిరిగి వెళ్ళాలి కదా. మేటలో ఎక్కడ సందు ఉంటే ఆ సందులోంచి, ఏరులాగా, వేగంగా లోపలికి పోతుంది. ఆ దారి పొడవునా కెరటం విరగదు. నీళ్ళు చెరువులా నున్నగా కనిపిస్తాయి. జాలర్లు తమ తెప్పలను ఆ దారినే లోపలికి తోస్తారు. తెడ్డు వేసే శ్రమ తగ్గుతుంది. తెప్పను మోసుకుపోయే నీరే మనిషినీ మోసుకుపోతుంది. తెప్ప తిరిగి రావడానికి తెడ్డు ఉంటుంది.

ఈ విద్యలో ఊరంతటికీ పెద్ద దిక్కు మైలపల్లి ఎల్లాజి. నన్ను కొన్ననాటికి ముప్పై అయిదేళ్ళవాడు. పొట్టిగా, వెడల్పు భుజాలతో, నవ్వితే కళ్ళు మూసుకుపోయే మనిషి. చేపలు పట్టడం అతని వృత్తి. మునిగినవాళ్ళను బయటికి తీయడం అతనికెవరూ అప్పగించని పని. పోలీసులైనా, బంధువులైనా ముందు అతని గుడిసెకే వచ్చేవారు. ఒక ఏడాది ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళను ఒకే పూట అతను మోసుకొచ్చాడు. అప్పుడు అధికారులకు హెచ్చరిక బోర్డు ఒకటి కావాలని తోచింది. ఏం రాయాలో ఎల్లాజినే అడగాలని కూడా తోచింది. ఇంతమంది తెలివైనవాళ్ళు పాల్గొన్న ఈ వ్యవహారంలో పూర్తిగా తెలివైన ఆలోచన అదొక్కటే.

గుమాస్తా ఒకాయన కాగితం పట్టుకొని ఇసుకలో నిలబడి అడిగాడట. ఎల్లాజి వల సర్దుతూ చెప్పాడట: "కెరటం లేని సోట దిగొద్దని రాయండి బావూ. జనం కెరటాన్ని సూసి బయపడతారు, నున్నటి నీటిని సూసి మురిసిపోతారు. ఆ నున్నటి నీరే లోనకి లాగేస్తాది." గుమాస్తా అంతా రాసుకోలేదు. బోర్డు మీద చోటు తక్కువ. 'కెరటాలు లేని చోట దిగవద్దు. ప్రమాధం' అని రాసుకొని వెళ్ళాడు.

ఆ కాగితం పట్టుకున్న గుమాస్తాతో పాటే నేనూ అప్పలాచారి కొట్టుకు చేరాను. అప్పలాచారి బోర్డులు రాసే మనిషి. నాకు ముందు ఎర్రటి తుప్పురంగు పూశాడు. ఆరాక పసుపు వేశాడు. దారానికి సుద్దపొడి రాసి, రెండు కొసలా పట్టి మీటి, నా మీద గీతలు వేసుకున్నాడు. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు అమర్చాడు. ఆయనకు రాస్తూ పైకి చదివే అలవాటు ఉంది. నా ముఖం మీద ఏముందో నేను చూసుకోలేను. చదివినవాళ్ళ నోటినుంచి వినవలసిందే. ఆ విధంగా నేను విన్న మొదటి మాటలు: కెరటాలు లేని చోట. ఒక పూట పాటు నా ఒంటి మీద నిజం సుద్దముక్కతో రాసి ఉంది.

సాయంత్రం గుమాస్తా తిరిగి వచ్చాడు. రంగుతో రాయించేలోగా అక్షరదోషాలు ఎవరికైనా చూపించుకు రమ్మని అధికారి చెప్పాడట. గుమాస్తా ఆ కాగితాన్ని ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే కూర్మనాథం మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. మాస్టారు చుట్టుపక్కల పది ఊళ్ళలో పేరున్న మనిషి. తాయెత్తులు కట్టేవాళ్ళను నడివీధిలో నిలదీసినవాడు, గ్రహణం రోజున బడి గుమ్మంలో నిలబడి భోజనం చేసి చూపించినవాడు. కారణం లేని మాటను ఒప్పుకోనివాడు. ఆయన ఎర్రసిరా కలం తీసి ముందు 'ప్రమాధం'లోని ఒత్తును కొట్టేశాడు. అది సరైన దిద్దుబాటు. 'దిగవద్దు'ను 'దిగరాదు' చేశాడు. ఫలకానికి ఆ గాంభీర్యం ఉండాలన్నాడు. తరువాత ఇంకొక మాట దగ్గర ఆగాడు.

"అర్థం ఆలోచించరా గుమాస్తాగారూ?" అన్నాడట. "కెరటం లేని చోట మునగడానికేముంది? అతను చెప్పిందొకటి, మీరు విన్నదొకటి."

"అతను 'లేని' అన్నట్టే గుర్తండీ," అన్నాడట గుమాస్తా.

"మీ గుర్తు కన్నా తర్కం గట్టిది."

అదే కలంతో, అదే సిరాతో 'లేని' కొట్టేసి 'ఉన్న' అని రాశాడు. ఎల్లాజి ఇల్లు బడి వెనుక సందులోనే ఉంది. నడిస్తే అయిదు నిమిషాలు. నడవలేదు.

గుమాస్తా ఈ సంగతంతా కొట్టులో నవ్వుతూ చెప్పాడు. అప్పలాచారి తడిగుడ్డతో నా మీది సుద్ద తుడుస్తూ, "మాస్టారు దిద్దేక ఇంక మనమెవులం?" అన్నాడు. నల్లరంగుతో, చెయ్యి తొణక్కుండా, తన జీవితంలోనే బహుశా అతి చక్కని అక్షరాలతో రాశాడు: హెచ్చరిక. కెరటాలు ఉన్న చోట దిగరాదు. ప్రమాదం. ఇట్లు, ఉత్తర్వు.

నన్ను రెండు ఇనుప కాళ్ళ మీద, నల్లబండకు ఇవతల, జనం ఇసుకలోకి దిగే దారిలో పాతారు. ముఖం ఊరివైపు, వీపు సముద్రం వైపు. దీనికొక ఫలితం ఉంది. చనిపోయినవాళ్ళందరినీ, వాళ్ళు బ్రతికి ఉండగానే, నేను ముఖాముఖీ చూశాను. ఆ తరువాతిది నాకు వెనుకనుంచి వినిపించింది.

నన్ను పాతిన రోజున ఎల్లాజి వచ్చి చాలాసేపు నా ఎదుట నిలబడ్డాడు. అతనికి చదువు రాదు. అక్షరాల వంక, పెళ్ళిపీటల మీద కూర్చున్న కూతురిని చూసినట్టు చూశాడు. అతని భార్య కాసులమ్మ ఎండుచేపల గంప దింపి పక్కన నిలబడింది.

"నీ మాట బోర్డెక్కిందని పొంగిపోతన్నావు గానీ, అందులో ఒక్కచ్చరం సదవగలవేటి?" అంది.

"నాను సదవడమేటే? నాను సెప్పిందే కదా అది."

"అయితే నువ్వు సెప్పింది నీకే తెలీకుండా రాసేరన్నమాట."

ఇద్దరూ నవ్వుకున్నారు. వేళాకోళానికి అన్న మాట. నేను బోర్డునై పుట్టాక విన్నవాటిలో అంత కచ్చితమైన వాక్యం మరొకటి లేదు.

ఎల్లాజి నన్ను తన వస్తువులాగే చూసుకున్నాడు. ఉప్పుగాలికి నా కాళ్ళు పొరలు లేస్తుంటే గీకి, తెప్పలకు రాసే చేపనూనె పట్టించేవాడు. నాకు ఆనుకొని సైకిలు పెడితే కసిరేవాడు. ఇరవై ఏళ్ళలో రెండుసార్లు రంగు వేశారు. రెండుసార్లూ పాత అక్షరాల మీదే కుంచె నడిపారు. బస్సుల్లో, కార్లలో జనం వచ్చేవారు. లైటోసు ముందు ఫోటోలు తీసుకొని, మరమరాల మిక్చరు తిని, "ఎక్కడ దిగాలండీ?" అని ఎల్లాజిని అడిగేవారు. అతను చేతిలో వల వదలకుండా గడ్డంతో నన్ను చూపించేవాడు. "సదువుకున్నోల్లు కదా, బోర్డు సదువుకోండి బావూ. అందులో ఉంది. దాని పెకారం సెయ్యండి."

వాళ్ళు నన్ను చదివేవారు.

అందరూ కాదు. పట్నం కుర్రాళ్ళ గుంపు ఒకటి నా ముందు ఆగింది. "ఒరే, కెరటాలు ఉన్న చోట దిగరాదట," అన్నాడొకడు. "మరి సముద్రానికొచ్చింది దేనికిరా, కాళ్ళు కడుక్కోడానికా?" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు తన చొక్కా నాకు తొడిగాడు. కెరటాల్లోకి పరుగెత్తారు, కెరటాలు వాళ్ళను కొట్టి, దొర్లించి, ముక్కుల్లోకి ఉప్పునీళ్ళు పట్టించి, ఒడ్డుకే విసిరాయి. సాయంత్రం చొక్కా తీసుకొని అందరూ క్షేమంగా వెళ్ళారు. ఆజ్ఞ మీరినవాళ్ళను కెరటాలు ఒడ్డుకు చేర్చేవి. ఆజ్ఞ పాటించి, పిల్లల చెయ్యి పట్టుకొని, నున్నటి నీరు వెతుక్కొని దిగినవాళ్ళ కేకలే నాకు వీపు వెనుక వినిపించేవి.

ఇరవై ఏళ్ళలో పదకొండు మంది పోయారు. వాళ్ళలో ఎందరు నన్ను చదివి దిగారో కచ్చితంగా చెప్పలేను. పైకి చదవగా నేను విన్నవాళ్ళు ఆరుగురు.

ఊళ్ళో చదువుకున్నవాళ్ళు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. వాళ్ళకు సముద్రం తెలుసు. తెలిసిన సంగతి రాసిన బోర్డును మనిషి చదవడు, చూస్తాడు. అక్కడ ఏముండాలో అదే ఉందనుకొని దాటిపోతాడు. ఇక చావులకు కారణాలంటారా, వాటికి కొరత లేకపోయింది. లైటోసు కట్టించిన దొర భార్య ఈ నీళ్ళలోనే పడి పోయిందనీ, నున్నటి నీటిలోంచి చెయ్యి ఊపి పిలుస్తుందనీ చెప్పుకున్నారు. గంగమ్మకు జాతర తగ్గిందని కొందరన్నారు. ఒక మాఘ పౌర్ణమికి ఎవరో నాకే పసుపు రాసి, కుంకుమ పెట్టి, నా కాళ్ళ దగ్గర కొబ్బరికాయ కొట్టారు. అప్పటినుంచి అది ఆచారమైంది. నేను పగలూ రాత్రీ అక్కడే నిలబడ్డాను. దొరసానిని ఒక్కసారీ చూడలేదు.

తరువాత ఒక కార్తీకమాసపు ఆదివారం వచ్చింది. ఉదయం తొమ్మిది గంటలకు భార్యాభర్తలిద్దరు బస్సు దిగారు. ఆయన పేరు తవిటినాయుడు. పార్వతీపురం వైపు ఒక పల్లె పోస్టాఫీసులో పని. ఆమె హైమావతి. పెళ్ళయి పదహారేళ్ళయినా ఆమె సముద్రం చూడలేదు. తవిటినాయుడు చదవకుండా ఏ పనీ చేసే మనిషి కాడు. బస్సు టిక్కెట్టు వెనుక ఉన్నది కూడా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందుకు ఆమె ఏడిపిస్తోంది.

"సముద్రం మీద కూడా ఏమైనా రాసుందేమో చూడండి, చదివేక దిగుదాం."

ఒడ్డున తెప్ప నీడలో ఎల్లాజి వల బాగుచేస్తున్నాడు. అప్పటికి జుట్టు నెరిసింది. ఆమె అతని దగ్గరికి వెళ్ళి, "తాతా, మేం ఎక్కడ దిగితే మంచిది?" అని అడిగింది. ఎల్లాజి దారం పళ్ళతో పట్టుకొని ఉన్నాడు. గడ్డంతో నన్ను చూపించాడు.

తవిటినాయుడు నా ఎదుట నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివాడు. 'ఇట్లు, ఉత్తర్వు' కూడా వదల్లేదు. మరొకసారి, ఆమె కోసం పైకి చదివాడు. ఇరవై ఏళ్ళలో నన్ను అంత శ్రద్ధగా చదివినవాడు, అంత పూర్తిగా నమ్మినవాడు మరొకడు రాలేదు. నా వెనుకకు చెయ్యి చాపి ఆమెతో అన్నాడు: "అటు చూడు, అక్కడ కెరటాలు లేవు. నీళ్ళు ఎంత నిదానంగా ఉన్నాయో. నువ్వక్కడ దిగు. నేను సంచీ చూస్తుంటాను."

ఆమె చెప్పులు విప్పి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఇసుకలో అడుగుల చప్పుడు దూరమైంది. నవ్వింది. నీళ్ళు చల్లగా ఉన్నాయంది. "ఇక్కడికి మోకాళ్ళే," అంది. తరువాత "అయ్యో, కాళ్ళ కింద ఇసుక పోతోందండీ," అంది. ఆ తరువాత మాటలు లేవు. తవిటినాయుడు ఆమె పేరు పిలవడం మొదలుపెట్టాడు.

ఎల్లాజి, మరిద్దరూ కలిసి తెప్ప తోశారు. గంటకు తిరిగి వచ్చారు. ఆమెను తెచ్చి నా నీడలో పడుకోబెట్టారు, ఎండ తగలకుండా. కాసులమ్మ తన పైగుడ్డ తీసి కప్పింది. తవిటినాయుడు సంచీ భుజం మీంచి దించకుండా కూర్చున్నాడు. ఎల్లాజి ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా అతని పక్కన చతికిలబడి, ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగాడు. నిష్ఠూరంగా కాదు, అలవాటుగా.

"బోర్డు సదవలేదేటి బావూ?"

"చదివాను. రెండుసార్లు చదివాను."

"సదివీ ఆ నున్నటి నీటిలోకి ఎలా దించేరు?"

"అలా రాసుంది కాబట్టే దించాను."

ఎల్లాజి అతని వైపు తిరిగాడు. "ఎలగ రాసుంది?" అన్నాడు.

"కెరటాలు ఉన్న చోట దిగరాదు."

"ఉన్న సోట కాదు బావూ. లేని సోట."

"ఉన్న చోట."

"ఇంకోపాలి సదవండి. ఆ బోర్డు సూసి సదవండి."

తవిటినాయుడు లేచి, నా ఎదుట నిలబడి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు, పోస్టాఫీసులో మనియార్డరు మీద పేరు చదివినట్టు. ఎల్లాజి ఆ వేలినే చూస్తున్నాడు. చుట్టూ చేరిన జాలర్లలో ఒకడు చదువు వచ్చినవాడు ముందుకు వంగి చూసి, "ఉన్న అనే ఉందిరా ఎల్లాజీ," అన్నాడు నెమ్మదిగా. అతను రోజూ నా పక్కనుంచి నడిచే మనిషి.

ఎల్లాజి ముఖం మీద అప్పుడు వచ్చిన మార్పును వర్ణించగలనని నేను చెప్పను. అతను లెక్కపెడుతున్నాడని మాత్రం తెలిసింది. పెదవులు కదిలాయి. ఏవో పేర్లు. కొన్ని పేర్లు అతనికి తెలియవు. అప్పుడు "ఆ చీపురుపల్లి పిల్ల," "ఆ కళ్ళజోడు బావు," అనుకున్నాడు. అందరికీ బోర్డు చూపించినవాడు అతనే.

"ఆ మాట ఏది?" అన్నాడు చివరికి. "సేత్తో సూపించండి."

తవిటినాయుడు వేలు పెట్టాడు. ఎల్లాజి మొలలోంచి వల కోసే కత్తి తీశాడు. ఆ వేలు ఉన్న చోట గీకడం మొదలుపెట్టాడు. నల్లరంగు పోయింది, పసుపు పోయింది, ఎర్ర తుప్పురంగు పోయింది, నా అసలు ఇనుము బయటపడి మెరిసింది. ఇంకా గీకుతూనే ఉన్నాడు. కాసులమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "సాల్లే," అంది. "అది పోయింది. ఇంక అక్కడేటీ లేదు."

"లేని అని రాయాలే," అన్నాడు. "నాకు రాదు."

తవిటినాయుడికి వచ్చు. కాని అప్పటికే జీపు వచ్చింది, ఆమెను ఎత్తుతున్నారు, అతను వెంట వెళ్ళవలసి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకొని వెళ్ళాడు.

తరువాతి వ్యవహారం నా మీద జరిగింది. ప్రభుత్వ ఫలకాన్ని పాడుచేసినందుకు ఎల్లాజి మీద ఫిర్యాదు రాశారు. నన్ను పెకిలించి, సాక్ష్యంగా లైటోసు ఆవరణలోకి తెచ్చి గోడకు చేర్చారు. విచారణకు ఒక అధికారి పాత దస్త్రం తెప్పించాడు. అందులో ఎర్రసిరా కాగితం భద్రంగా ఉంది. ప్రభుత్వం పోగొట్టుకోనివి కొన్ని ఉంటాయి. కూర్మనాథం మాస్టారిని పిలిపించారు. ఆయన ఉద్యోగం మాని చాలా ఏళ్ళయింది. కర్ర ఊతతో వచ్చాడు. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసి, తన చేతిరాతను గుర్తుపట్టాడు. అది నాది కాదు అనలేదు. ఆ మాట ఆయన పక్షాన చెప్పాలి.

అధికారి లోపలికి వెళ్ళాక ఆవరణలో వాళ్ళిద్దరే మిగిలారు. మాస్టారు అరుగు మీద, ఎల్లాజి కింద.

"అరుగు మీద కూర్చో ఎల్లాజీ."

"ఉండనీండి మాస్టారూ."

"ఆలోచించే రాశాను," అన్నాడు మాస్టారు. "ఆలోచించకుండా రాసిన తప్పయితే నాకు ఇంత…" ఆ వాక్యం పూర్తిచేయలేదు. ఆయన అలా వాక్యం మధ్యలో వదలడం అంతకుముందు ఎవరూ వినలేదని, ఎల్లాజి చెప్పగా, తరువాత ఊళ్ళో అనుకున్నారు.

ఎల్లాజి నేల చూస్తూ అన్నాడు: "ఒక్కపాలి అడిగుంటే బాగుండేది కదండి. మా ఇల్లు బడి ఎనకాలే కదా."

మాస్టారు చేతికర్రను అరుగుకు ఆనించాడు. కాసేపటికి, "నువ్వు ఒక్కసారి ఎవరిచేతనైనా చదివించుకోవలసింది," అన్నాడు. తప్పు పంచుకోవడానికి కాదు, కారణాల వరుసలో ఒకటి తప్పిపోయిందని తోచి అన్నాడనుకుంటాను. ఎల్లాజి తల ఊపాడు. "నిజవే మాస్టారూ. మీరు దిద్దేరంటే ఇంకేటి సదివించుకుంటాం."

ఫిర్యాదు కొట్టేశారు. కొత్త బోర్డు పెట్టించమని మాస్టారు దరఖాస్తు రాశాడు. సముద్రం గురించి వాక్యం రాయాలంటే నిపుణుల అభిప్రాయం కావాలనీ, పాత పొరపాటు మళ్ళీ జరగకూడదనీ సమాధానం వచ్చింది. రెండో దరఖాస్తు రాశాడు. దాన్ని నిపుణులకు పంపించామన్నారు. మూడోది చేతికి తీసుకొని ఆయనే వచ్చాడు; ఆ రోజు అధికారి సెలవు. ఆ తరువాత ఆయన రాలేదు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు. ఇదివరకు నన్ను పాతిన చోట పర్యాటకశాఖవాళ్ళు 'ఐ లవ్ కొండరేవు' అని మనిషి ఎత్తు అక్షరాలు పెట్టారు. జనం వాటి మధ్య నిలబడి ఫోటోలు తీసుకుంటారు. అందులో దిద్దడానికేమీ లేదు.

ఎల్లాజి ఇప్పుడు వేటకు వెళ్ళడం తగ్గించాడు. తెల్లవారగానే నీటిని చూసి, ఆ రోజు సందు ఎక్కడ పడిందో గుర్తుపట్టి, ఒడ్డున వెదురుబొంగు పాతి, దానికి ఎర్రగుడ్డ కడతాడు. మాట లేదు, అక్షరం లేదు. కొందరు ఆగుతారు. కొందరు అది వల గుర్తనుకుంటారు. అతను దగ్గరికి వెళ్ళి చెప్పబోతే, తెప్ప షికారుకు బేరమాడుతున్నాడనుకొని, వద్దు వద్దంటూ పక్కకు జరుగుతారు. పోటు రాగానే ఆ వెదురు కొట్టుకుపోతుంది. మరుసటి రోజు మళ్ళీ పాతుతాడు. ఇదంతా కాసులమ్మ చెప్పగా విన్నాను. ఆమె ఇక్కడ ఊడుస్తుంది.

ఇక్కడ అంటే లైటోసు కింది గదిలో. దాన్ని ప్రదర్శనశాల చేశారు. పాత ఇత్తడి దీపం, గాజు పలకలు, కాపలాదార్ల గోడగడియారం, నేను. నా కింద ఒక చీటీ అంటించారు: 'ఆకతాయిల చేతిలో పాడైన పాత హెచ్చరిక ఫలకం.' జనం లైటోసు మెట్లు ఎక్కే ముందు నన్ను చూస్తారు. పైకి చదువుతారు. గీకిన చోట ఒక్క క్షణం ఆగుతారు, తరువాత ఆగకుండా చదివేస్తారు. కెరటాలు ఉన్న చోట దిగరాదు. ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లలు, పెద్దలు, ఇంజనీర్లు, పంతుళ్ళు, అందరూ ఆ ఖాళీలో అదే మాట పెడతారు. మాస్టారు ఒక్కడే ఆ తప్పు చేశాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మొన్న ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో చంటిపిల్ల చెప్పులు, చంకలో పిల్ల. సాయంత్రం నాలుగైంది. ఆమె నన్ను చదువుతూ గీకిన చోటికి వచ్చి ఆగిపోయింది. ముందుకు సాగలేదు. చాలాసేపు చూసింది. తరువాత తలుపు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి వైపు తిరిగి, నా ఇన్నేళ్ళ జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"ఇక్కడ ఏ మాట ఉండేదండీ?"

అతను ఈ మధ్యే పట్నం నుంచి వచ్చి చేరినవాడు. నా వైపు చూశాడు. ఒక్క క్షణం ఆలోచించాడు కూడా.

"ఏముంటుందమ్మా, 'ఉన్న' అని ఉండి ఉంటుంది," అన్నాడు.

ఆమెకు అది సబబుగానే తోచింది. థ్యాంక్సండీ అని చెప్పి, పిల్లను ఇంకో చంకకు మార్చుకొని, ఇసుకలోకి దిగే మెట్ల వైపు వెళ్ళింది.